ఎక్కడ నిలబడి చూడాలి: పాదువా నుంచి మిలాన్ దాకా

మొదటి రోజు: పాదువా

పాదువాలోని స్క్రొవెన్యి ప్రార్థనాలయంలోకి నేరుగా నడిచి వెళ్లడానికి వీల్లేదు. టికెట్టు ముందే తీసుకుని ఉండాలి. చెప్పిన వేళకు కొద్దిమందిని ఒక అద్దాల గదిలో పావుగంట కూర్చోబెట్టి, బయటి తేమా దుమ్మూ మనతో పాటు లోపలికి పోకుండా చూసుకున్న తర్వాతే లోపలి తలుపు తెరుస్తారు. లోపల ఉండనిచ్చేది కూడా ఇంచుమించు అంతసేపే. ఆ కాస్త సమయాన్ని ఎలా వాడుకోవాలో మా అన్నయ్య ముందుగానే నిర్ణయించాడు. ఆయన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఏ బొమ్మ ముందుకు వెళ్లినా ముందు నేల వైపు చూసి, "దీన్ని ఎక్కడ నిలబడి చూడమని గీశాడు?" అని అడగడం ఆయన అలవాటు. మా యాత్ర అంతా దాదాపుగా ఆ ప్రశ్న వెంటే సాగింది.

వడ్డీ వ్యాపారంతో గడించిన కుటుంబంలో పుట్టిన ఎన్రికో స్క్రొవెన్యి కట్టించిన ఈ మందిరాన్ని 1305లో ప్రతిష్ఠించారు. నీలి పైకప్పు నిండా బంగారు చుక్కలు, గోడల మీద వరుసలు వరుసలుగా మరియమ్మ, క్రీస్తుల జీవిత ఘట్టాలు, వాటి కింద పాలరాతి పలకలని భ్రమింపజేసే రంగు, ఆ పలకల నడుమ రాతి విగ్రహాల్లా నిలిచిన సద్గుణాలూ దుర్గుణాలూ, ఇదంతా చిత్రకారుడు జొత్తో, ఆయన బృందం చేసిన పని. అంతకుముందు ఇటలీలో చెలామణీలో ఉన్న బైజాంటియన్ పద్ధతిలో బంగారు నేపథ్యం మీద సాధువులు తేలుతున్నట్టు ఉండేవారు. జొత్తో మనుషులు మాత్రం నేల మీద ఆనుకుని కూర్చుంటారు, వాళ్ల ఒంటికి బరువుంటుంది. క్రీస్తు మృతదేహం మీద పడి విలపించే ఘట్టంలో ముందువైపున కూర్చున్న ఇద్దరు మనకు వీపు చూపిస్తారు. వాళ్ల ముఖాలు కనిపించవు, ముసుగు కింద వంగిన మెడ, నేల మీద కుప్పగా పడిన బట్ట మాత్రమే కనిపిస్తాయి. పవిత్రచిత్రంలో వీపు తిప్పి కూర్చున్న మనిషిని గీయాలంటే ఆ మనిషికి అవతల కొంత చోటు ఉందని చిత్రకారుడు నమ్మాలి, మనం ఆ మనిషికి ఇవతల ఉన్నామని మనచేత నమ్మించాలి. రాతిగుట్ట అంచు కుడి పైనుంచి ఏటవాలుగా దిగి, తల్లీ కొడుకుల ముఖాలు దగ్గరయ్యే చోట ఆగుతుంది. మన చూపు కూడా ఆ దారినే దిగుతుంది.

అన్నయ్య ఎక్కువసేపు చూసింది మాత్రం ఈ ఘట్టాలను కాదు. వేదిక ముందున్న పెద్ద కమానుకు అటూ ఇటూ, కింది వరుసలో, మనుషులే లేని రెండు చిన్న గదులున్నాయి. కోసుగా లేచిన కమాను, సన్నటి కిటికీ, పైనుంచి వేలాడే ఇనుప దీపపు గుత్తి, అంతే. రెండూ గోడ మీది రంగే. ఒక్కొక్కదాన్నీ విడిగా చూస్తే గీతలు ఒక పక్కకు లాగినట్టు ఉంటాయి. మందిరం నడిమధ్యన నిలబడితే రెండూ ఒకేసారి సర్దుకుని గోడలో నిజంగా గూడు తొలిచినట్టు కనిపిస్తాయి. "ఒరే, నువ్వు అక్కడే ఉండు, కదలకు" అని అన్నయ్య నన్ను మధ్యలో నిలబెట్టి, తాను గోడ దగ్గరికి నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి, నా స్థానంలో తాను నిలబడ్డాడు. చదునైన గోడ మీద దూరాన్నీ లోతునూ చూపే పర్‌స్పెక్టివ్ అనే విద్యకు లెక్కా సూత్రమూ ఏర్పడటానికి వందేళ్ల ముందే, చూసేవాడి పాదాలు ఎక్కడుంటాయో ఆలోచించి గీసిన బొమ్మలివి.

బయటికి రండని పిలిచేలోగా మరొకటి చూశాను. ప్రవేశద్వారం మీది గోడంతా పరచుకున్న అంతిమ తీర్పు చిత్రంలో, బాగా పైన, ఇద్దరు దేవదూతలు ఆకాశాన్ని రెండు పక్కలా చాపలా చుట్టేస్తుంటే దాని వెనక రత్నాలు పొదిగిన గోడ కనిపిస్తుంది. గోడను లేనిదిగా చేయగలిగిన చిత్రకారుడు తాను గీసిన ఆకాశం ఒట్టి పొర అని కూడా అదే మందిరంలో చెప్పాడు.

రెండో రోజు: ఫ్లోరెన్స్

ఉదయం రైల్లో ఫ్లోరెన్స్ చేరి, సామాను గదిలో పడేసి నేరుగా కెథడ్రల్‌కు వెళ్లాం. దాని నడిమి ద్వారం ముందు, బాప్తిస్మ మందిరానికి ఎదురుగా, ఇప్పుడు ఎవరూ కుదురుగా నిలబడలేరు, అంత రద్దీ. పదిహేనో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వాస్తుశిల్పి ఫిలిప్పో బ్రూనెలెస్కి ఈ ద్వారానికి కాస్త లోపల నిలబడి, ఎదుటి అష్టభుజి మందిరాన్ని సుమారు 29 సెంటీమీటర్ల చదరపు పలక మీద గీశాడని ఆయన జీవితచరిత్ర రాసిన మనెత్తి చెబుతాడు. పలకకు ఒక రంధ్రం చేశాడు. బొమ్మ ఉన్న వైపు అది మసూర్ గింజంత, వెనకవైపు డకెట్ అనే బంగారు నాణెమంత. చూసేవాడు పలక వెనక కన్ను ఆనించి, మరో చేత్తో అద్దం ఎదురుగా పట్టుకుని, అద్దంలో బొమ్మను చూడాలి. ఆకాశం ఉండవలసిన చోట ఆయన రంగు వేయలేదు, మెరుగుపెట్టిన వెండి అతికించాడు, నిజమైన మబ్బులు అందులో కదిలేవి. ఆ పలక ఇప్పుడు లేదు. అయినా అందులోని పట్టుదల ఎలాంటిదో ఆ రంధ్రమే చెబుతుంది. ఒక కన్ను, ఒకే చోటు, అక్కణ్నుంచి అంగుళం కూడా జరగనివ్వడు. 1435లో లెయోన్ బత్తిస్తా అల్బెర్తి లాటిన్‌లో చిత్రకళ మీద రాసిన గ్రంథం ఈ పద్ధతికి లెక్కలు కట్టి అందరికీ అందుబాటులోకి తెచ్చింది. మరుసటి ఏడు దాన్ని ఇటాలియన్‌లోకి మార్చి బ్రూనెలెస్కికే అంకితమిచ్చాడు.

సూత్రం వచ్చీరాగానే అందరూ దానికి లొంగిపోలేదని కెథడ్రల్ లోపలే తెలుస్తుంది. ఎడమ గోడ మీద 1436లో పావొలో ఉచ్చెల్లో గీసిన గుర్రపు రౌతు ఉన్నాడు. ఆయన ఫ్లోరెన్స్ కొలువులో పనిచేసిన ఇంగ్లీషు కిరాయి సేనాని జాన్ హాక్‌వుడ్. కంచు విగ్రహంలా ఆకుపచ్చ మట్టిరంగులో గీశారు. విగ్రహం కింది పీఠాన్ని మనం కిందినుంచి చూస్తాం, దాన్ని మోసే రాతి బ్రాకెట్ల అడుగు భాగం కూడా కనిపిస్తుంది. గుర్రం మాత్రం కళ్లెదుట సమాన ఎత్తులో నిలిచినట్టు పక్కవాటుగా ఉంటుంది, దాని పొట్ట అడుగు మనకు కనిపించదు. మొదట గీసినదాన్ని కెథడ్రల్ పెద్దలు చెరిపించి మళ్లీ గీయించారని దస్తావేజులున్నాయి. పీఠాన్ని చూసిన చోటునుంచే గుర్రాన్నీ చూసి ఉంటే సేనాని ముఖం కంటే గుర్రం కడుపే పెద్దగా కనిపించేది. డబ్బిచ్చినవాళ్లకు అది నచ్చే సంగతి కాదని నా ఊహ.

మధ్యాహ్నం సాంతా మరియా నొవెల్లా చర్చి. మసాచ్చో గీసిన త్రిత్వం అనే కుడ్యచిత్రం ఎడమ గోడ మీద, సుమారు 667 సెంటీమీటర్ల ఎత్తున, 317 సెంటీమీటర్ల వెడల్పున ఉంది. 1425 నుంచి 1427 మధ్యలో దీన్ని గీసిన మసాచ్చో 1428లో రోమ్‌లో చనిపోయేనాటికి వయసు ఇరవై ఆరో ఇరవై ఏడో. సిలువ మీద క్రీస్తు, వెనక ఆయన్ని పట్టుకున్న తండ్రియైన దేవుడు, ఇద్దరి నడుమ పరిశుద్ధాత్మకు గుర్తుగా పావురం, కింద మరియమ్మ, యోహాను. వీళ్లందరి వెనక గడులు గడులుగా చెక్కినట్టున్న అర్ధవృత్తపు పైకప్పు లోపలికి సాగిపోతుంది. దాతలైన భార్యాభర్తలు ఆ గదికి బయట, మన వైపున, మెట్టు మీద మోకరిల్లి ఉంటారు. అందరికంటే కింద రాతి శవపేటిక మీద ఒక అస్థిపంజరం, పైన ఒక వాక్యం: మీరిప్పుడు ఉన్నట్టే నేనూ ఒకప్పుడు ఉన్నాను, నేనున్నట్టే మీరూ అవుతారు.

పైకప్పు గీతలన్నీ సిలువ మొదట్లో, దాతల మోకాళ్ల దగ్గర, ఒక్కచోట కలుస్తాయి. ఆ చోటు నిలబడ్డ మనిషి కంటి ఎత్తుకు ఇంచుమించు సమానం. అందుకే అస్థిపంజరాన్ని కిందికి చూస్తాం, దేవుణ్ని తలెత్తి చూస్తాం. దగ్గరగా వెళ్లి, పక్కనుంచి వెలుతురు పడేలా తల వంచి చూస్తే తడి గార మీద మొనతో గీసిన గీతలు కనిపిస్తాయి. మేకు కొట్టి, దారం కట్టి, బిగలాగి గీసిన గీతలవి. మరియమ్మ ముఖం మీద గార ఆరకముందే గళ్లు గీసిన గుర్తులు కూడా ఉన్నాయి. అన్నయ్య వాటిని చూసి చాలా సంతోషించాడు. పిల్లలచేత గళ్లు గీయించి బొమ్మ పెద్దది చేయించడం ఆయన ఏళ్ల తరబడి చేసిన పనే.

ఇంత లెక్క వేసినవాడు తండ్రియైన దేవుణ్ని మాత్రం ఆ లెక్కలోంచి తప్పించాడు. గదిని మనం కిందినుంచి చూస్తున్నాం కాబట్టి ఆయన గడ్డం అడుగు మనకు కనిపించాలి, కానీ ఆయన ముఖం తిన్నగా మనవైపే ఉంది. ఆయన పాదాలు వెనక గోడను ఆనుకున్న అరుగు మీద ఉన్నాయి, చేతులేమో ముందున్న సిలువను పట్టుకున్నాయి. దేవుడు ఏ గదిలోనూ ఇమడడనే భావం అందులో ఉందని కొందరంటారు. కావచ్చు. ఆ ముఖాన్ని కూడా కిందినుంచి కుదించి గీస్తే భక్తుడు దండం పెట్టేది ముక్కుపుటాలకు అయ్యేదన్నది అన్నయ్య వాదన, నాకు అదే సబబనిపించింది.

ఈ చిత్రం మూడు శతాబ్దాల పాటు ఎవరికీ కనపడలేదు. 1570లో జార్జో వసారి దీని ముందు కొత్త వేదిక కట్టించి, తాను గీసిన చిత్రాన్ని అడ్డంగా నిలిపాడు. పందొమ్మిదో శతాబ్దం నడిమిలో పై భాగం బయటపడితే గోడనుంచి ఊడదీసి ప్రవేశద్వారం వైపు గోడకు మార్చారు. అస్థిపంజరం 1950ల మొదట్లో దొరికాకే రెండింటినీ పాత చోట మళ్లీ కలిపారు. చోటు మారిన ఆ తొంభై ఏళ్లూ దీన్ని చూసినవాళ్లు సరైన ఎత్తునుంచి చూశారా అన్నది వేరే సంగతి.

మూడో రోజు: ఆర్నో నదికి అవతల, ఇవతల

బ్రంకాచ్చి ప్రార్థనాలయం నదికి అవతల, సాంతా మరియా దెల్ కార్మినె చర్చిలో ఉంది. మసొలీనో, మసాచ్చో కలిసి మొదలుపెట్టగా 1480ల్లో ఫిలిప్పీనో లిప్పి పూర్తిచేశాడు. 1771లో చర్చి తగలబడినప్పుడు ఈ భాగం మసిబారి బతికింది, 1980ల్లో ఆ మసి తీశారు. ఎడమ గోడ మీది పన్ను నాణెం ఘట్టంలో మనుషుల నీడలన్నీ ఎడమకు పడతాయి, ఎందుకంటే నిజమైన కిటికీ వాళ్లకు కుడివైపున, వేదిక వెనక గోడకు ఉంది. బొమ్మలోని వెలుగు గదిలోని వెలుగే.

అదే కిటికీ పక్కన, కింది వరుసలో, చాలామంది తొందరగా దాటిపోయే ఘట్టం ఒకటుంది. పేతురు వీధిలో నడుస్తుంటే ఆయన నీడ పడిన రోగులు బాగుపడతారు. అపొస్తలుల కార్యాల్లోని కథ ఇది. సన్నటి వీధి లోపలికి కుదించుకుపోతుంది, పేతురు ఎటూ చూడకుండా మనవైపే నడిచి వస్తున్నాడు. గోడవారన ఒకడు లేచి చేతులు జోడించాడు, మరొకడు సగం లేచాడు, కాళ్లు చచ్చుబడ్డవాడు చేతులు కట్టుకుని ఇంకా నేల మీదే కూర్చుని పైకి చూస్తున్నాడు, నీడ అతని మీదికి ఇప్పుడే వస్తోంది. నీడ పడే తీరును ఇంత శ్రద్ధగా గీయడం అప్పటికి కొత్త. ఆ కొత్త విద్యకు ఇంతకంటే తగిన కథ దొరకడం కష్టం.

మధ్యాహ్నం ఉఫీజి చిత్రశాల. చీమబూయె, దూచ్చో, జొత్తోల మూడు పెద్ద మరియమ్మ చిత్రాలు ఒకే గదిలో ఉన్నాయని అందరూ చెప్పే మాట నిజమే, ఒకదాని తర్వాత ఒకటి చూస్తే జొత్తో దగ్గర వస్త్రం కింద మోకాలు ఉందని మొదటిసారి తెలుస్తుంది. కానీ నేను ఎక్కువసేపు ఆగింది ఫ్లాండర్స్‌కు చెందిన హ్యూగో వాన్ డెర్ గూస్ గీసిన పోర్తినారి చిత్రం దగ్గర. బ్రూజ్‌లో ఫ్లోరెన్స్ ధనిక కుటుంబమైన మెదీచీల బ్యాంకు వ్యవహారాలు చూసిన తొమ్మాజో పోర్తినారి గీయించిన ఈ పలకలు సముద్రం మీదుగా 1483లో ఫ్లోరెన్స్ చేరాయి. ఇందులో పర్‌స్పెక్టివ్ లెక్క సరిగా లేదు, నేల పైకి ఎత్తిపెట్టినట్టు ఉంటుంది, దాతలు చిన్నగా, సాధువులు పెద్దగా ఉంటారు. అయినా నేల మీద పెట్టిన గాజు గ్లాసు దగ్గరికి వంగితే, అందులో నీళ్లు ఎంత వరకు ఉన్నాయో, వెలుగు గాజు గుండా ఎలా దూరి వెళ్లిందో కనిపిస్తుంది. నోరు తెరుచుకుని, పళ్లు బయటపెట్టి చూస్తున్న గొర్రెల కాపరుల ముఖాల్లో ఎండకు మాడిన చర్మం ఉంది. నూనెరంగును పల్చటి పొరలుగా పూస్తే వచ్చే గుణమిది. గుడ్డుసొనతో కలిపే రంగుతో దీన్ని సాధించడం చాలా కష్టం. ఇటాలియన్లు మనల్ని ఒక చోట నిలబెట్టారు, ఫ్లాండర్స్ చిత్రకారుడు ఎక్కడ నిలబడ్డా సరే దగ్గరికి రమ్మంటాడు. రెండేళ్లకే, 1485లో, దొమెనికో గిర్లాందాయో సాంతా త్రినితా చర్చిలో ఆ కాపరులను తన చిత్రంలోకి తెచ్చుకున్నాడు. సాయంత్రం అక్కడికి వెళ్లి చూస్తే వాళ్లు కాస్త స్నానం చేసి వచ్చినట్టున్నారు.

నాలుగో రోజు: అరెజ్జో, సాన్‌సెపోల్క్రో

అరెజ్జోలోని సాన్ ఫ్రాంచెస్కో చర్చిలో పియెరో దెల్లా ఫ్రాంచెస్కా గీసిన నిజ సిలువ కథల్లో (క్రీస్తును కొట్టిన సిలువ గురించిన పురాణగాథలవి), కాన్‌స్టంటైన్ చక్రవర్తి కల ఒక్కటే రాత్రిపూట జరుగుతుంది. గుడారంలో చక్రవర్తి నిద్రపోతున్నాడు. ఎడమ పైమూలనుంచి దేవదూత తలకిందులుగా దిగుతుంటే వెలుగంతా అక్కణ్నుంచే వస్తోంది. ముందు నిలబడ్డ భటుడి వీపు చీకట్లోనే ఉండిపోయి, ఒంటి అంచు మాత్రం వెలిగింది. ఇక్కడ కూడా నిజమైన కిటికీ చిత్రానికి ఎడమవైపునే ఉంది.

అక్కణ్నుంచి బస్సులో పియెరో సొంత ఊరైన సాన్‌సెపోల్క్రోకు వెళ్లాం. ఒకప్పుడు ఊరి పాలనా భవనమైన మ్యూజియంలో, సభ జరిగే గదిలో, గోడ మీద పునరుత్థానం ఉంది. శవపేటిక అంచు మీద ఒక కాలు పెట్టి నిలిచిన క్రీస్తు, కింద నిద్రలో పడివున్న నలుగురు సైనికులు, ఎడమవైపు మోడుబారిన చెట్లు, కుడివైపు చిగిర్చిన చెట్లు. సైనికులను కిందినుంచి చూస్తాం, వెనక్కి వాలిన ఒకడి గడ్డం, మెడ పైకి లేచి ఉన్నాయి. క్రీస్తును మాత్రం ఎదురెదురుగా చూస్తాం. పర్‌స్పెక్టివ్ మీద స్వయంగా గ్రంథం రాసిన గణితజ్ఞుడు పియెరో. ఒకే చిత్రంలో రెండు చోట్లనుంచి చూపించడం ఆయనకు తెలియక జరిగిన పని కాదు. మొదట సైనికుల దగ్గర నేల మీద ఉన్న మనల్ని, పైకి చూసేసరికి ఆ రెండు కళ్ల ఎత్తుకు లేపేస్తాడు. గదిలో మాతో పాటు ఇద్దరు ముగ్గురే ఉన్నారు. అన్నయ్య బెంచీ మీద కూర్చుని చూశాడు, నిలబడి చూశాడు. క్రీస్తు చూపు రెండుసార్లూ ఆయన మీదే ఉంది.

ఐదో రోజు: రైళ్లు

బొలోన్యా, మోదెనాల్లో రైళ్లు మారి సాయంత్రానికి మాంతువా చేరాం. చెప్పుకోదగినది ఏమీ లేదు, వానా పొగమంచూ తప్ప.

ఆరో రోజు: మాంతువా

గొంజాగా ప్రభువుల కోటలో ఆంద్రెయా మాంతెన్యా 1465 నుంచి 1474 దాకా చిత్రించిన గది చిన్నదే, ఒక పక్క సుమారు 8 మీటర్లు. గోడల మీద బంగారు పని చేసిన తోలు పరదాలు గీసి, రెండు గోడల మీద వాటిని పక్కకు లాగినట్టు చూపాడు. పరదా వెనక లుదొవీకో గొంజాగా, భార్య బార్బరా, పిల్లలు, సేవకులు, కుర్చీ కింద పడుకున్న కుక్క. నిజమైన పొయ్యిగూడు పైఅంచునే ఆ కొలువుకు నేలగా వాడుకున్నాడు. దాని మీదికి తివాచీ అంచు వేలాడుతుంది, మెట్లెక్కి వస్తున్న సేవకులు గూటి పక్కనుంచి పైకి చేరతారు. ఏది కట్టడం, ఏది రంగు అన్న సందేహం అక్కడ కొన్ని క్షణాలు నిజంగానే కలుగుతుంది. కుడ్యస్తంభం మీద చెక్కినట్టు గీసిన ఆకుల అల్లికలో మాంతెన్యా తన ముఖాన్ని కూడా దాచాడు. అన్నయ్య దాన్ని నాకంటే ముందు పట్టుకున్నాడు.

పైకప్పు నడుమ గుండ్రటి కన్నం, అందులో ఆకాశం. పిట్టగోడ మీదినుంచి స్త్రీలు వంగి మనల్ని చూసి నవ్వుతున్నారు, ఒక నెమలి ఉంది, రెక్కల పసివాళ్లు గోడ లోపలి అంచు మీద నిలబడితే వాళ్ల పిర్రలూ కడుపులూ కిందినుంచి కుదించుకుని కనిపిస్తాయి. నిమ్మజాతి చెట్టున్న ఒక పెద్ద తొట్టి, అడ్డంగా పెట్టిన కర్ర మీద ఆనించి ఉంది, ఒకామె చెయ్యి ఆ కర్ర మీదే ఉంది. చూసే వ్యక్తి గది మధ్యలో నిలబడితే తొట్టి సరిగ్గా నెత్తి మీదే ఉంటుంది. ఫ్లోరెన్స్‌లో బొమ్మను మనం చూశాం, ఇక్కడ బొమ్మలోవాళ్లు మనల్ని చూసి మనతో ఆటలాడుతున్నారు. ఆ తర్వాత రెండు మూడు శతాబ్దాల పాటు ఇటలీ చర్చిల పైకప్పులన్నీ మబ్బులతో, దేవదూతలతో తెరుచుకోవడానికి దారి వేసిన కన్నం ఇదే. వాటిలో చాలావాటికి ఈ చిలిపితనం మాత్రం రాలేదు.

ఏడో రోజు: మిలాన్

లియొనార్దో కడరా భోజనం చూడటానికి కూడా పావుగంటే ఇస్తారు, తలుపు తర్వాత తలుపు దాటించి పంపిస్తారు. 1495 నుంచి 1498 దాకా సన్యాసుల భోజనశాల గోడ మీద, 460 సెంటీమీటర్ల ఎత్తున, 880 సెంటీమీటర్ల వెడల్పున, తడి గార మీద కాకుండా ఆరిన గోడ మీద గీశాడు. నిదానంగా దిద్దుకోవడానికి ఆ పద్ధతి వీలిచ్చింది, ఆయన బతికుండగానే రంగు రాలడానికి కారణమూ అదే. ఎదుటి గోడ మీద మొంతొర్ఫానో 1495లో తడి గార మీద గీసిన సిలువ ఘట్టం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. దాని వైపు తిరిగి చూసేవాళ్లు మాత్రం అరుదు.

గీతలన్నీ క్రీస్తు కణత దగ్గర కలుస్తాయి, అక్కడ మేకు కొట్టిన రంధ్రం దొరికింది. అయితే ఆ బిందువు నేల మీద నిలబడ్డ మనిషి కంటికి చాలా పైన ఉంది. అంటే ఈ గదిని సరైన చోటునుంచి చూసినవాడు ఎవడూ లేడు, భోంచేస్తూ కూర్చున్న సన్యాసులైతే ఇంకా కింద ఉన్నారు. ఎంత వెనక్కి వెళ్లినా ముందుకు వచ్చినా బొమ్మలోని గది భోజనశాలకు పూర్తిగా అతకదు. మసాచ్చో దేవుణ్ని ఒక్కణ్నే లెక్కనుంచి తప్పించాడు, లియొనార్దో బల్లతో సహా గది మొత్తాన్నీ పైకి ఎత్తాడు.

నగరం నడిబొడ్డున సాన్ సాతిరో చర్చిలో వాస్తుశిల్పి బ్రమాంతె సంగతి వేరు. వెనక వీధి ఉండటంతో వేదిక వెనక భాగం కట్టడానికి చోటు లేకపోతే, 1480ల్లో ఒక మీటరు కూడా లేని లోతులో, గారతో చెక్కి రంగు వేసి, ఎన్నో మీటర్ల పొడవైన కమానుల వసారాను భ్రమింపజేశాడు. ద్వారం దగ్గర నిలబడితే అది ఉన్నట్టే ఉంటుంది. వేదిక పక్కకు వెళ్లి చూస్తే స్తంభాలు ఒకదాని మీద ఒకటి నలిగిపోయి, గోడకు అంటించిన ముడతల్లా మిగిలాయి.

చివరగా బ్రేరా చిత్రశాలకు వెళ్లి మాంతెన్యా గీసిన మృత క్రీస్తును చూశాం. 68 సెంటీమీటర్ల ఎత్తు, 81 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బట్ట మీద, రాతిబల్ల మీద పడుకున్న దేహాన్ని పాదాల వైపునుంచి చూపాడు. ముందుకు పొడుచుకొచ్చిన అరికాళ్లలో మేకుల గాయాలు ఎండిపోయి, చర్మపు అంచులు లేచి ఉన్నాయి. ఇంత దగ్గరనుంచి చూస్తే పాదాలు ఎంత పెద్దగా ఉండాలో అన్నయ్య తన నోటుబుక్కులో లెక్క కట్టి గీశాడు. పాదాలు ఛాతీని కప్పేశాయి, ముఖంలో నుదురు మాత్రం మిగిలింది. మాంతెన్యా పాదాలను తగ్గించి, తలను పెంచాడు. 1506లో చిత్రకారుడు చనిపోయేనాటికి ఈ చిత్రం ఆయన దగ్గరే ఉంది. అన్నయ్య ఆ పేజీ కింద రెండో బొమ్మ మొదలుపెట్టి, ఈసారి మాంతెన్యా కొలతల్లో, గ్యాలరీ మూసేవేళ అయిందని చెప్పేదాకా గీస్తూనే ఉన్నాడు.